పొరల నడుమ

రెండు కిలోల రాయి తగిలించగానే మూడో పట్టీ కూడా నోరు తెరిచింది. చీలిక చిటపటమంటూ కొసదాకా పరుగెత్తింది. పట్టీ రెండు చెక్కలై తూకం రాయి నేల మీద పడింది. పడవ చేసిన హనుమంతు వంగి దాన్ని తీశాడు.

"ఐదు కిలోలకు ఆగాలె. మూడింటికి మూడు రెండు కిలోలకే విచ్చుకున్నయి," అన్నాడు పరీక్ష చేయడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు దేవదాస్. "గీ పడవ పనికిరాదు హనుమంతూ."

మంచిర్యాల రేవుకు దగ్గర్లోని రేకుల షెడ్డులో ఆ పడవ తయారై నాలుగు రోజులే అయింది. గాజు నూలుతో నేసిన బట్టను పొర మీద పొరగా పరిచి, ప్రతి పొరకూ బంక పట్టించి ఆరబెడితే కట్టెలా గట్టిపడుతుంది. మగ్గం వదిలి వచ్చిన హనుమంతుకు బట్ట పరచడం ఒకరు నేర్పాల్సిన పని కాదు. అయితే పడవ గట్టిదో కాదో చూడాలంటే పడవనే చీల్చలేరు కదా. అందుకని అదే బట్ట, అదే బంకతో జానెడు పట్టీలు చేస్తారు. ఒక కొసన నడిమి పొరల మధ్య ప్లాస్టిక్ కాగితం పెడితే అక్కడ అతుక్కోక పట్టీకి నోరు మిగులుతుంది. పై పెదవిని కొక్కేనికి తగిలించి, కింది పెదవికి రాళ్లు వేలాడదీస్తే పొరలు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయో బయటపడుతుంది.

హనుమంతు పడవ వైపు చూశాడు. రేకుల సందుల్లోంచి పడ్డ ఎండ దాని గోడల్లోకి ఇంకి, లోపలంతా తేనె రంగు వెలుగు నిండింది. ఈ నాలుగు నెలల్లో బట్ట పరుస్తూ పరుస్తూనే అతను మనసులో ఎన్నిసార్లు గోదావరి దాటాడో లెక్కలేదు. ప్రతిసారీ ముందు కూర్చున్నది తల్లి శంకరవ్వే. పుట్టిల్లు అవతలి ఒడ్డునే ఉన్నా, బస్సులు మారి చుట్టూ తిరిగి పోయే ఓపిక లేక ఆరేళ్లుగా ఆమె అటు పోలేదు. ఆ కలలో తెడ్డు చప్పుడు కూడా ఉండేది కాదు. నీళ్ల మీద మంచు, గాలికి తేలే తల్లి కొంగు, అవతల ఎవరో చేయి ఊపుతూ ఉండడం, అంతే. ఇప్పుడదంతా కళ్ల ముందే కరిగిపోతుంటే అతనికి ఏడుపొచ్చింది.

దేవదాస్ ఊడొచ్చిన పొర మీద వేలు రాశాడు. "సూడు, ఎంత నున్నగ ఊడినయో. నడుమ ఏదో అడ్డం పడ్డది. దుమ్మో, నూనెనో. ఏది అంటినా బంక నూలులకు దిగదు."

బట్ట ఎక్కడ పెట్టావని అడిగాడు. పడవకు వాడిన తానులు షెడ్డు గడప దాటలేదని హనుమంతు చెప్పాడు. పట్టీల కోసం తీసిన ముక్కలను మాత్రం ఇంటికి తీసుకుపోయి, తన మగ్గం కత్తెరతో కొలతకు కోశాడు. పరీక్షకు పోయే ముక్కలు, పైలంగా దాచమని తల్లి చేతికిచ్చాడు. రెండు రోజుల తర్వాత ఆమె వాటిని తెల్లటి పంచెలో చుట్టి ఇచ్చింది. ఒక్క మడత లేదు, అంచున ఒక్క పోగు లేవలేదు. నేతింటి చెయ్యి అంటే ఇదీ అని అతను మురిసిపోయాడు కూడా. ఇక దుమ్మెక్కడిది?

"అయితే బంకనే చెడ్డది," అని తేల్చాడు దేవదాస్. "కోసెయ్యాలె. ఇట్లనే ఉంచితే ఎవరన్న మనుషులను ఎక్కిచ్చుకొని గోదారిలకు దింపుతరు."

నడిమిట్ల విచ్చుకునే పడవలో హనుమంతు తల్లిని ఎలా ఎక్కిస్తాడు? ఇంకొకరి చేయి పడడం ఇష్టం లేక రంపం తనే తెచ్చాడు. అంచు మీద పళ్లు ఆనించాడు గానీ చేయి ముందుకు సాగలేదు.

అదే సమయానికి శంకరవ్వ అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. పడవ మీద రంపాన్నీ, కొడుకు కళ్లల్లో నీళ్లనూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా?"

"పరీక్ష పోయిందవ్వా. నువ్వు సుట్టిచ్చిన ముక్కలు ఒక్కటి గూడ నిలువలే. పడవ కోస్తున్నం."

ఆమె గిన్నె కింద పెట్టి, విడిపోయిన పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. కొడుకు మీద మాట రానివ్వకూడదన్నట్టు ఇంజనీరుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎట్ల నిలువయి సారూ? పరీక్షకు వొయ్యే బట్టలాయెనని, నా చేతులతోని చిక్కటి గంజి వెట్టి ఆరేసి పంపితిని."