మచ్చుకాయల కుప్ప

"లేవయ్యా, కిటికీ సీటు నాది," అన్నాడు ప్రేమ్‌చంద్.

గోవా బండి వినుకొండలో అప్పుడే కదిలింది.

కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన లేచి, గుడ్డసంచీ తీసుకుని ఎదుటి సీట్లో సర్దుకున్నాడు. ఆయన చొక్కా కాలరు చిరిగి ఉంది. చూడగానే ప్రేమ్‌చంద్‌కు చులకనైపోయాడు.

"ఎందాకా నాయనా?"

"గోవా. కాసినోకి."

చెప్పకుండా ఉండలేకపోయాడు. కౌలుకు చేస్తున్న పొలాన్ని ఆసామి అమ్మకానికి పెట్టాడు. మిర్చి అమ్మిన డబ్బు బయానా ఇచ్చి, మిగతాదానికి గడువు అడుగుదామంది భార్య మాధురి. గడువెందుకు, జాక్‌పాట్ ఉండగా? ఆ బయానా డబ్బే ఇప్పుడు అతని నడుముకు కట్టుకున్న సంచీలో ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, ఆ పొలంలో బోరెక్కడ వేయాలో అప్పుడే అనుకున్నాడు.

ఫోనులో ఫొటో చూపించాడు. పేకాట బల్ల పైన ఎర్రటి అంకెలు.

"పోకర్ ఆడేటప్పుడు అసలు పందెం కాక, పక్కన ఇంకో చిప్పు వేయాలి. ఒకే రంగులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఈ డబ్బంతా మనదే. ఏడాదిగా ఎవరికీ తగల్లేదంట. రోజూ పెరుగుతోంది. కోతకొచ్చింది బాబాయ్!"

పెద్దాయన నవ్వలేదు.

"అది చేను కాదు నాయనా, కోతకు రావడానికి. అంకె పెరిగిందని ముక్కలకు తెలుస్తుందా? మొదటి రోజు ఎంత కష్టమో, ఇవాళా అంతే. ఆరున్నర లక్షల సార్లు పంచితే ఒక్కసారి పడొచ్చు. అదీ ఎవరికో."

"మరి ఆ అంకె ఎలా పెరుగుతోంది?"

"మిర్చి యార్డుకు వెళ్తావుగా. మచ్చుకని ప్రతి బస్తాలోంచి గుప్పెడు కాయలు తీస్తారు. తిరిగి వేస్తారా?"

"వేయరు."

"సాయంత్రానికి కుప్పవుతుంది. రైతేమో గుప్పెడేగా పోయిందనుకుంటాడు. నీ పక్క చిప్పూ అంతే. అసలు ఆట గెలిచినా, గొప్ప ముక్కలు పడకపోతే అది వెనక్కి రాదు. కొంత కాసినోవాడు ఉంచుకుని, కొంత ఆ కుప్పలో వేస్తాడు. కుప్పను చూపించి మళ్లీ బస్తాలు విప్పిస్తాడు."

ప్రేమ్‌చంద్‌కు చిర్రెత్తింది.

"నువ్వెప్పుడైనా గెలిచావా?"

"ఒక్కసారి."

"ఎంత?"

"ఎంతైతేనేంలే. అక్కడే ఉంది."

పగలబడి నవ్వాడు ప్రేమ్‌చంద్. "ఓడినోడి మాటలు బాబాయ్ ఇవి. అందని ద్రాక్ష పుల్లన!"

నంద్యాలలో పెద్దాయన లేచాడు.

"నాతో దిగు. వెనక్కి బండి ఉంది, నేనే ఎక్కిస్తాను. పోనీ, తిరుగు టికెట్టైనా ఇప్పుడే కొనిపెట్టుకో."

"తిరిగొచ్చేది విమానంలోనే! నీ పేరు చెప్పు, గెలిస్తే స్వీట్లు పంపిస్తా."

"బుడాన్. మాది మార్కాపురం. ఇక్కడ పనుండి దిగుతున్నా."

బండి కదిలింది. బుడాన్ కిటికీ చువ్వ పట్టుకుని నాలుగడుగులు బండితోపాటు నడిచాడు.

"దిగు నాయనా," అన్నాడు.

ప్రేమ్‌చంద్ ఫోనులో అంకెలు చూసుకుంటున్నాడు.

గోవాలో ప్రతి ఆటకూ పక్క చిప్పు వేశాడు. వేసినప్పుడల్లా బల్ల మీద చిప్పు పడ్డ చోట చిన్న దీపం వెలిగింది, ముక్కలు మాత్రం రాలేదు. అసలు ఆటలు కొన్ని గెలిచాడు కూడా. ఆ గెలుపంతా పక్క చిప్పులకే సరిపోయింది. తర్వాత నడుము సంచీ విప్పాడు.

సగం పోయాక లేవబోయాడు.

తలెత్తి చూస్తే అంకె ఇంకా పెరిగింది. ఆ కుప్పలో ఇప్పుడు తన కాయలూ ఉన్నాయి. వాటిని వదిలేసి ఎలా వెళ్తాడు? మళ్లీ కూర్చున్నాడు.

ఆఖరి చిప్పుతోపాటు పొలం పోయింది. మాధురికి ఏమని చెప్పాలి? అంతమందిలో ఏడుపు ఆగలేదు.

పక్క కుర్చీలో గుంటూరాయన ఎవరో భుజం తట్టాడు.

"ఊరుకోండి. ఒకాయన ఇదే బల్ల మీద జాక్‌పాట్ మొత్తం కొట్టాడు. మళ్లీ మళ్లీ వచ్చి ఆ డబ్బంతా, దాంతోపాటు ఉన్న చేనూ ఇక్కడే వదిలేసిపోయాడు. వీళ్లు మాత్రం ఆయన గెలిచినప్పటి ఫొటో గోడ మీంచి తీసేయలేదు, అదిగో చూడండి."

ప్రేమ్‌చంద్ కళ్లు తుడుచుకుని గోడకేసి చూశాడు.

పట్టు చొక్కాతో, మెడలో పూలదండతో, తలుపంత చెక్కు పట్టుకుని నవ్వుతున్నాడు బుడాన్.