ముఖాలు కనపడకూడదు

పేదవాళ్ళ పరువు ఏమైపోతుందోనని కేదార్ గారికి వారం రోజులుగా అన్నం సహించడం లేదట. ఆయన పక్కింటి సీతామహాలక్ష్మి గారు చెప్పగా మంజూష విన్న మాట ఇది.

మంజూష ఈమధ్యే పంజగుట్టలో కేదార్ నడిపే సేవాసంస్థలో కంప్యూటర్ పనికి చేరింది. ఆమె రాకముందే ఒక కంపెనీ విరాళంతో పన్నెండు మందికి చక్రాల కుర్చీలు పంచారట. ఆ ఫొటోలు కంపెనీకి చూపించాలి. ముఖాలు మాత్రం కనపడకూడదు.

"కిలో బియ్యం చేతిలో పెట్టి పేదోడి మొహాన్ని ఊరంతా తిప్పుతారమ్మా కొందరు. ఛీ, కక్కొస్తుంది," అన్నాడు కేదార్.

మంజూషకు ఆయన మీద గౌరవం పెరిగింది. అమీర్‌పేటలో నేర్చుకున్న విద్యంతా బయటికి తీసి, ముందు వేరే ఫొటోల మీద చేసి చూపించింది. ఒక సాఫ్ట్‌వేర్ ముఖాన్ని గళ్ళు గళ్ళుగా చేసింది. గడ్డం ఆనవాలు తెలుస్తోందన్నాడు కేదార్. ఇంకొకటి పక్కకు తిరిగిన ముఖాన్ని వదిలేసింది. మూడోది బాగానే ఉంది కానీ, ఫొటోలు నెట్‌లోకి ఎక్కించాలి. ఎవడి చేతిలో పడతాయోనని వద్దన్నాడు. చివరికి నెట్ లేకుండా నడిచేది దొరికింది. ఒకసారి మసక చేస్తే ముఖం మళ్ళీ తేలదు. మంజూష తన ఫొటో మీదే చేసి చూపించింది. చెవులు కూడా పోయాయి. కేదార్ మురిసిపోయాడు. అసలు ఫొటోల పని తానే చూసుకుంటానన్నాడు. పేదల ముఖాలు ఆఫీసువాళ్ళు కూడా చూడకూడదట.

బయట బెంచీ మీద చిలకమ్మ ఎప్పటిలాగే కూర్చుని ఉంది. ఆమె మొగుడు ఓదెలు సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. దొడ్డికి కూడా ఆమే వీపున మోసుకెళ్ళాలి. ఒక కుర్చీ కోసం ఆర్నెల్లుగా తిరుగుతోంది. కొలతలకని మూడుసార్లు పిలిపిస్తే మూడుసార్లూ అతన్ని ఆటోలో వేసుకొచ్చింది. వచ్చే విడతలో చూద్దామంటున్నారు. ఆమె లోపలికి వచ్చి వెళ్తే కేదార్ గదిలో సెంటు కొట్టిస్తాడు.

సోమవారం కంపెనీవాళ్ళు ఇద్దరు వచ్చారు. గోడ మీది తెర మీద పన్నెండు ఫొటోలు. పన్నెండు పేర్లు, పన్నెండు రంగుల చొక్కాలు, వాటిపైన మసక. పేదల గౌరవాన్ని ఇంతగా కాపాడినవాళ్ళను చూడలేదని వాళ్ళు మెచ్చుకుంటుండగా చిలకమ్మ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తెర వైపే చూస్తోంది.

"ఏంటమ్మా, ఇక్కడేం పని నీకు?" అన్నాడు కేదార్, ముక్కు మీద రుమాలు పెట్టుకుని.

"మొఖం తుడిచినవ్ గని కాళ్ళు తుడ్వలే సారూ, కొలతలని చెప్పి మా ఓదెలుకు గా పన్నెండు అంగీలు తొడిగింది నేనే, విప్పింది నేనే, ఇంతకీ కుర్చి ఎప్పుడిస్తరు?"