పూలు వాడేదాకా

"ఈ పూలు వాడేదాకా ఆస్పత్రి మాట ఎత్తొద్దు. అన్నానంటే అన్నానంతే!"

అలా అనేసి లిఫ్ట్ మెకానిక్ ఆర్కిడ్ కుండీ ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. గుండె నాళాలు పూడుకుపోయాయని, ఆపరేషన్ వెంటనే చెయ్యకపోతే తనది పూచీ కాదని డాక్టరు తేల్చేశాడు. అయితే ఏం? ఒకసారి అన్నమాట వెనక్కి తీసుకుంటే మీసం ఊడిపోతుందనుకునే రకం ఈయన. పైగా బొగ్గుముక్కల్లో ఏళ్ల తరబడి సాకిన మొక్క ఇప్పుడే తొలిసారి పూసింది. వంగిన కాడకు వరసగా ఐదు తెల్లటి పూలు.

భార్యకు కాలు నిలవడం లేదు. వంటింట్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింట్లోకి. ఆయన దగ్గితే చాలు, చేతిలో ఉన్నది కింద పెట్టేసి పరిగెడుతోంది.

"లిఫ్టు తీగలు అరిగితే వెంటనే మార్చాలని లోకానికంతా చెప్తావు కదా బావా, మరి నీ తీగల సంగతేంటి?" అన్నాడు ఆమె తమ్ముడు.

"నోర్ముయ్‌రా! భయపడి వాయిదా వేస్తున్నాననుకున్నావా?"

అప్పుడే ఎరువు పొట్లం ఇవ్వడానికి వచ్చిన నర్సరీ అతను పూలు చూసి మురిసిపోయాడు.

"వీటి ఓపికే వేరు సార్. మూడు నెలలైనా ఇలాగే ఉంటాయి."

"మూడు నెలలా!" అంది భార్య.

"పుప్పొడి కదలనంతవరకేనమ్మా. ఏ తేనెటీగో, ఏ టూత్‌పిక్ మొనో దాన్ని తీసి పువ్వు నడిమి గుంటలో అంటించిందనుకోండి, ఇక గింజ కట్టే పనిలో పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో రెక్కలు వేలాడేస్తుంది."

అక్కాతమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది ఆయన కంట్లో పడింది.

"నా పూల మీద చెయ్యి పడిందో, చేతులు విరగ్గొడతా!"

కుండీని తీసుకెళ్లి మంచం పక్కనే పెట్టుకున్నాడు.

మర్నాడు సాయంత్రానికి ఒక పువ్వు ముడుచుకుంది. ఆ మర్నాడు పొద్దున్నకల్లా ఐదూ తడిగుడ్డల్లా వేలాడాయి.

"ఎవర్రా ఈ పని చేసింది?" ఇల్లు పీకి పందిరేశాడు మెకానిక్. భార్య తల వంచుకుంది. తమ్ముడు ఫ్యాను వంక చూశాడు.

"అక్కాతమ్ముళ్లు కలిసి నా కొంప ముంచారు! ఇంకేముంది నాకిక్కడ? పదండి, ఆ కత్తికిందకే పోతా!"

దారి పొడుగునా తిట్టాడు. స్ట్రెచర్ మీద పడుకునీ తిట్టాడు. ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక గానీ చెవులకు విశ్రాంతి దొరకలేదు.

నర్సు ఆయన బట్టలు తెచ్చి భార్య చేతికిచ్చింది.

"భలే ధైర్యం చేశావక్కా," అన్నాడు తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ.

"నేనెక్కడ చేశాన్రా? మనసొప్పక ఊరుకున్నా. నువ్వే కదా?"

"నేనా? బావంటే నాకు వణుకు, ఆ కుండీ దరిదాపులక్కూడా పోలేదు!"

ఏమీ తోచక ఆమె మొగుడి చొక్కా మడతపెట్టబోతే జేబులోంచి టూత్‌పిక్ ఒకటి జారి పడింది, మొనకు పచ్చటి పుప్పొడి ఇంకా అంటుకునే ఉంది.