డానీకి తోడు

“కాక, నువ్వు రాకపోతే నేను దవాఖానకు పోను. ఒక్కన్నే పోవాలంటే భయమైతాంది.”

మొదటి షిఫ్టు ముగించుకుని వస్తున్న ఎల్లేశాన్ని బొగ్గుబాయి గేటు దగ్గర పట్టుకుని డానీ బతిమాలుతున్నాడు. నొప్పి గోలీలు మానలేకపోతున్నాడట. గోదావరిఖనిలో వాటిని మాన్పించే డాక్టరమ్మ ఉందట.

ఎల్లేశం కాదనలేకపోయాడు. నడుము పట్టేసి బొగ్గు మీదే కూలబడ్డ డానీకి మొదటి గోలీ ఇచ్చింది తనే. “ఏం గాదు, మింగు. నేను మింగుతలేనా?” అన్నాడు ఆ రోజు. ఇప్పుడు కూడా తన చొక్కా జేబులో గోలీల షీటు ఉంది.

బండి వెనక కూర్చుని దారంతా తిట్టాడు. “ఇద్దరు చిన్నపిల్లలున్నరు నీకు. జర సోయుండాలె గదా!”

“అవును కాక,” అంటూ డానీ బండి నడిపాడు.

డాక్టర్ సుజిత కాగితం ముందేసుకుని అడిగింది. “దినాం ఎన్ని మింగుతరు?”

డానీ తల వంచుకున్నాడు. “నువ్వే చెప్పు కాక. నాకు నోరొస్తలేదు.”

“ఎనిమిది,” అన్నాడు ఎల్లేశం. “బాయిల దిగేముందే మూడు.”

“మింగకపోతే?”

“కండ్లెంబడి నీళ్లు కారుతయి. కాళ్లు గుంజుతయి. పండలేడు, కూసోలేడు. మనుమరాలు మీదికొస్తే పోరిని నూకేసి...”

ఎల్లేశం ఠక్కున ఆగిపోయాడు. డానీకి మనుమరాలెక్కడిది?

ఎల్లేశం జేబులోంచి షీటు తీసి బల్ల మీద పెట్టాడు.

“నా పేరు గూడ రాస్కోండ్రి మేడం, ఎల్లేశం. గని ముందుగాల ఈ పిలగాన్ని చూడుండ్రి. నా వల్లనే ఖరాబైండు.”

“ఫికర్ చెయ్యకండి. ఒక్కసారే బంద్ చెయ్యం, మెల్లమెల్లగ తగ్గిద్దాం,” అంటూ ఆమె చీటీ రాసి ముందుకు జరిపింది. దాని మీద ఎల్లేశం పేరొక్కటే ఉంది.

“మరి డానీ చీటీ?”

డాక్టరమ్మ నవ్వింది.

“డానీ గోలీలు మానేసి ఏడాదిన్నర అయింది. తోడు రమ్మని ఆయన ఇక్కడిదాక తోలుకొచ్చినోళ్లల్ల మీరు ఏడో మనిషి.”