చిలక దించిన నూకరత్నం

ప్రతి చెవిలోనూ చెవిచిలక అనే అనువాద యంత్రం చేరి, తెలుగులో అన్నదాన్ని ఇంగ్లీషులో పలికేస్తున్న రోజులవి. ముప్పయ్యేళ్లుగా టెన్సులు చెప్పిన భానోజీ మాస్టారికి టెన్సులు పోయి టెన్షన్ మిగిలింది. ట్యుటోరియల్ బెంచీలు అమ్మేశాడు. బోర్డు కూడా దించుతుండగా రొయ్యల ఫ్యాక్టరీ నుంచి నూకరత్నం వచ్చింది.

"నాకొక్క ఇంగ్లీషు ముక్క నేర్పాలి మాస్టారూ."

"చెవిలో చిలక ఉందిగా తల్లీ."

"దాంతోనే తంటా. ఆరేళ్లుగా నిలబడే రొయ్యలు ఒలుస్తన్నాను, కాళ్లు సచ్చిపోతన్నాయి అని తెలుగు రాని మా ఫ్యాక్టరీ దొరతో అంటాను. చిలక మర్యాదగా, 'పని బాగా సాగుతోంది సార్' అంటాదంట. ఆయన నవ్వేసి ఎళ్లిపోతాడు."

మాస్టారు నీరసంగా సుద్దముక్క తీశాడు. ఎప్పుడో మొదలై ఇంకా తెమలని పనికి ఇంగ్లీషులో ఒక కాలం ఉంది. దాన్ని వేలమందికి చెప్పాడు, అందరికీ మార్కుల కోసమే. ఇన్నాళ్లకు ఆ కాలం ఒకరి కాళ్లకు సరిపోయింది.

"ఐ హావ్ బీన్ స్టాండింగ్ ఫర్ సిక్స్ ఇయర్స్. ఏదీ, అను."

వారం రోజులు వల్లించి వెళ్లిన నూకరత్నం సోమవారం మళ్లీ వచ్చింది.

"చిలకని జేబులో ఎట్టి, నా నోటితోనే అన్నాను. దొర కూడా తన చిలక తీసేసి, నా కాళ్లకేసి చూశాడు. స్టూలేయించాడు మాస్టారూ."

ఆమె వెనక గుమ్మంలో పదకొండుమంది ఆడవాళ్లు, నాలుగేళ్లుగా నిలబడ్డవాళ్లూ, తొమ్మిదేళ్లుగా నిలబడ్డవాళ్లూ ఉన్నారు.

మాస్టారు ఖాళీ గదిని చూసి తల దించుకున్నాడు. "కూర్చోడానికి బెంచీల్లేవమ్మా."

"పర్లేదు, సెప్పండి," అంది వాళ్లలో పెద్దావిడ. "నిలబడ్డం మాకలవాటేగా."