పన్నెండు మంది ఉన్న ఇల్లు

తలుపు తీసిన బిందుకు ముందుగా కనబడింది, అరిగిపోయిన తోలు సంచి.

“పియానో శ్రుతి చేసేటోణ్ణి బిడ్డా. కమాల్ అంటరు.”

బిందు తండ్రి నరేందర్‌ది అమీర్‌పేటలో టైలరింగ్ దుకాణం. నెల కిందటే కూతురి కోసం ఆ పాత పియానో కొన్నాడు. పంజాగుట్టలో ఆ మూడో అంతస్తుకు ఎక్కించేసరికి మోసినవాళ్ల పంచప్రాణాలూ పోయినంత పనయింది. ఆదివారం దాని మీదే బిందు పరీక్ష. వాయించింది వీడియో తీసి పంపాలి.

కమాల్ రెండు కొమ్ముల శ్రుతిదండాన్ని మోకాలికి కొట్టి, కాడను పళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

“తాతా, చెంచా తింటున్నవా?”

“స్వరం తింటున్న.”

కిటికీ అవతల మెట్రో దాటేదాకా ఆగి, రెండు స్వరాలు కలిపి మోగించాడు. ధ్వని నీళ్ల మీద తెప్పలా ఊగింది. ఆయన తీగ బిగిస్తుంటే ఆ ఊపు మెల్లబడి, ఇంకా మెల్లబడి, ఇక నిద్రపోతుందనగా చెయ్యి తీసేశాడు.

“ఇంకా ఊగుతుంది కదా?”

“ఊగనీ. ఒక్కదాన్ని పూరా సక్కగ చేస్తే ఇంకొకటి ఏడుస్తది. పన్నెండు స్వరాలు ఒక్క ఇంట్ల ఉండాలె. అందరు జర జర సర్దుకోవాలె.”

బిందు స్టూలు మీద కాళ్లూపుకుంటూ వింది.

“నా బిడ్డ సుత గిట్లనే కాళ్లూపేది.”

“ఇప్పుడు ఊపదా?”

ఆయన పియానో మెట్టు ఒకటి ఊడదీసి, దాని పక్క చెక్క మీద పెన్సిల్‌తో ఏదో రాసి, మళ్లీ బిగించాడు.

సాయంత్రం నరేందర్ వచ్చి ఫోన్‌లో శ్రుతి కొలిచే యాప్ పెట్టి చూశాడు.

“ఈ స్వరం నాలుగు వందల నలభై రావాలె. నాలుగు వందల ముప్పై ఐదే ఉన్నది. ఏంది పెద్దాయనా?”

“అన్నిటిని ఒక్క తీరుగ దింపిన భాయ్. ఇది ముసలిది. గుంజితే ఓర్వదు. లోపల...”

“నా టేపుల ముప్పై ఆరు అంగుళాలంటే ముప్పై ఆరే. చెవులు పోయినయని చెప్పరాదు?”

“చిరుగుతదని తెలిసిన గుడ్డకు కుట్టు వదులుగ వెయ్యవా భాయ్?”

నరేందర్ అప్పటికే ఫోన్‌లో ఇంకొకరిని వెతుకుతున్నాడు.

కమాల్ పియానో మూత మీద అరచెయ్యి కాసేపు ఉంచి, సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు శ్రుతి చేసే ఇంకో కుర్రాడు సాయికిరణ్ వచ్చి, ఫోన్ చూసుకుంటూ తీగలు బిగించాడు. నాలుగు వందల నలభై దగ్గరికి వచ్చిందో లేదో, లోపల ఠంగుమని పగిలిన చప్పుడు. ఆ తర్వాత ఒక్క స్వరమూ నిలవలేదు.

“తీగలు మోసే ఇనుప చట్రం రెండయిందన్నా. ఇగ అతుకదు.”

“ఎల్లుండే పరీక్ష! ముందే చూసుకోవద్దా?”

బిందు గబగబా వచ్చి, తాత ఊడదీసిన మెట్టు చూపించింది. సాయికిరణ్ దాన్ని తీసి పక్క చెక్క మీది రాత చదివాడు.

‘చట్రంలో సన్న పగులు ఉంది. అందుకే దింపి పెట్టాను. గుంజకండి.’

దానిపైన అదే చేతిరాతతో, ఆర్నెల్లకొకటి చొప్పున, ఇరవై ఏళ్ల తారీఖులు.

“శ్రుతి చేసినప్పుడల్లా తారీఖు రాసి పెడతమన్నా. ఇన్నేండ్లూ ఆయనొక్కడే చేసిండు.”

నరేందర్ కమాల్ నంబరు వెతకసాగాడు.

అన్నిటికన్నా పైన, వెలిసిపోయిన మొదటి వరుసను బిందు వేలు పెట్టి చదివింది: ‘మా బిడ్డ అంబ్రీన్‌కు ఏడో పుట్టినరోజు. పియానో ఇవాళే మా ఇంటికి వచ్చింది.’