పన్నెండో మంచం

"ఆసుపత్రి నడపడానికి కూడా డిగ్రీ ఏమిటమ్మా?" అంటూ పెద్దడాక్టరు గారు సర్టిఫికెట్‌ను బల్ల మీద వెనక్కి జరిపారు. "ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను. గోడలేమీ కూలలేదు."

ఎదురుగా కూర్చున్న అమ్మాయి హెల్త్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ చేసింది. ఇది నాలుగో ఇంటర్వ్యూ. వెళ్ళిన ప్రతిచోటా ఇదే ప్రశ్న. ఇంటికి వెళితే అక్కదీ ఇదే గోల: డాక్టరువీ కావు, నర్సువీ కావు, రెండేళ్ళపాటు అంతంత లావు పుస్తకాలు ముందేసుకుని ఏం చదివావే అని. ఈ ఉద్యోగం కూడా రాకపోతే నోరు మూసుకుని అక్క టైలరింగ్ షాపులో కూర్చోవాలని ఒప్పందం.

"మీ ఆసుపత్రిలో మీకు తెలియనిది ఒక్కటి కనిపెట్టి చెబితే ఉద్యోగం ఇస్తారా సార్?" అని అడిగేసింది.

ఆయన గడియారం చూశారు. "రెండో వార్డుకి వెళ్ళు. ఒంటిగంట దాకా టైము. దొరికితే ఉద్యోగం. లేకపోతే ఇల్లు."

రెండో వార్డులో ఇరవై నాలుగు మంచాలు. హెడ్ నర్సు ఆ అమ్మాయిని ఎగాదిగా చూసి, అన్నీ నిండే ఉన్నాయనీ, వార్డు చక్కగా నడుస్తోందనీ, కొత్తగా చూడటానికేమీ లేదనీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అమ్మాయి అన్నిటికీ తలూపి, రిజిస్టరు అడిగి తీసుకుంది. తర్వాత వంటగదికి వెళ్ళి భోజనాల జాబితా పట్టుకొచ్చింది. బట్టలుతికే చోటికి వెళ్ళి దుప్పట్ల పుస్తకం కూడా తెచ్చింది. ఆసుపత్రి పెట్టిన నాటి నుంచీ ఆ మూడు పుస్తకాలూ ఒకదాని మొహం ఒకటి చూసి ఎరగవు. వాటిని వరండాలో బెంచీ మీద పక్కపక్కనే పరిచి కూర్చుంది.

రిజిస్టర్లో రోగులు ఇరవై నలుగురు. వంటగది నుంచి వస్తున్న పళ్ళేలు ఇరవై మూడు. ఎవరికో తిండి మాన్పించి ఉంటారులే అనుకుని నిన్నటి పేజీ తిప్పింది. ఇరవై మూడే. మొన్న, అటు మొన్న, పోయిన నెల. ఎప్పుడో ఓ పూట తప్ప ఇరవై మూడే. దుప్పట్లూ అంతే. ఇంతకీ అన్నం తిననిదెవరు?

తీరా వెతికితే పన్నెండో మంచం రోగి. చేరి నలభై ఒక్క రోజులైంది. రోజూ జ్వరం చూసి రాస్తున్నారు, ఏ రోజూ జ్వరం లేదు. ఒక్క రక్తపరీక్ష లేదు, ఒక్క సూది లేదు, చూడటానికొచ్చిన చుట్టం ఒక్కడూ లేడు. ఇంత బుద్ధిమంతుడైన రోగిని కళ్ళారా చూడకపోతే ఎలా అని అమ్మాయి లేచి వార్డులోకి వెళ్ళింది.

మంచం మీద మడత నలగని దుప్పటి ఉంది. మనిషి లేడు.

"ఎక్స్‌రేకి వెళ్ళాడు," అంది వెనకనుంచి హెడ్ నర్సు.

"నలభై ఒక్క రోజులుగానా సిస్టర్?"

హెడ్ నర్సు అటూ ఇటూ చూసింది. అమ్మాయిని మందుల గదిలోకి లాక్కెళ్ళి తలుపు మూసింది. ఆ పేరు గల మనిషే లేడని అప్పుడు ఒప్పుకుంది. ఏ మంచమూ ఖాళీగా ఉండకూడదని యాజమాన్యం ఉత్తర్వు. ఒకటి ఖాళీ అయితే చాలు, కౌంటరు వాళ్ళు ఊరికే పరీక్షలకొచ్చిన వాళ్ళనైనా తెచ్చి పడుకోబెడతారు. ఆ తర్వాత ప్రాణం మీదికొచ్చిన వాడికి చోటు ఉండదు. అలా గుండెనొప్పితో వచ్చిన ఒక తాపీమేస్త్రీని గేటు దగ్గర్నుంచే పంపేస్తే, దారిలో పోయాడు. ఆ సాయంత్రమే నర్సులంతా కలిసి ఈ రోగిని పుట్టించారు. ఇప్పటికి తొమ్మిదిమంది, వేరే మంచం ఖాళీ అయ్యేదాకా ఓ పూట ఆ మంచం మీదే ఉండి, బతికి బయటపడ్డారు.

"మరి పెద్దడాక్టరు గారు రోజూ రౌండ్స్‌కి వస్తారు కదా?"

"ఎక్స్‌రేకి పంపామని చెబుతాం. ఆయన హడావిడిలో పదమూడు దగ్గరికి వెళ్ళిపోతారు. ఆయనకి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది తల్లీ, పోతే పోనీ. కానీ ఆ మంచం పోతుంది."

అమ్మాయికి తన చదువంటే మొదటిసారి భయం వేసింది. ముప్పై ఏళ్ళుగా ఎవరూ పరిచి చూడని పుస్తకాలు మూడు గంటల్లో నిజం కక్కేశాయి. ఇప్పుడు నోరు తెరిస్తే ఉద్యోగం, మూస్తే టైలరింగ్ షాపు.

ఒంటిగంటకి పెద్దడాక్టరు గారి ముందు నిలబడింది.

"ఏమైనా దొరికిందా?"

"దొరికింది సార్. ఒక మంచం కాగితం మీద నిండుగా ఉంది, నిజానికి ఖాళీ. దాన్ని అలాగే ఉండనివ్వండి. వార్డుకొకటి అలా అట్టేపెట్టాలని యాజమాన్యానికి నేను లెక్కలతో సహా రాసిస్తాను. అప్పుడు ఎవరికీ అబద్ధం రాసే పనుండదు. మంచాలన్నీ నిండితే ఆసుపత్రి బాగా నడుస్తున్నట్టు కాదు, ఊపిరాడక ఇరుక్కుపోయినట్టు. నేను చదివిన రెండేళ్ళలో మొదటి పాఠం అదే."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏ మంచం?"

"అది చెప్పను సార్."

"రాసిందెవరు?"

"అదీ చెప్పను."

"చెబితేనే ఉద్యోగం అనుకున్నాం కదమ్మా."

అమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఉద్యోగం ఆమెకి నిజంగానే కావాలి. అయినా సర్టిఫికెట్ తీసి ఫైల్లో పెట్టుకుని, వెళ్ళొస్తానని చెప్పి తలుపు దాకా నడిచింది.

"ఆగమ్మా," అన్నారు పెద్దడాక్టరు గారు, సొరుగులోంచి అపాయింట్‌మెంట్ కాగితం తీసి సంతకం పెడుతూ. "రేపు ఎనిమిదింటికల్లా వచ్చెయ్యి. ఆ పన్నెండో మంచం పేషెంటుని పొద్దున నేనే చూశాను, ఇప్పట్లో డిశ్చార్జి చెయ్యడానికి వీల్లేదు."